మూత్రపిండ కణంలో పొగ, చెత్త, శుభ్రత



ప్రతి ఏడాదీ ఈ సంచికకు విద్య గురించి రాయడం మాకు అలవాటు. ఈసారి ఆరోగ్యం గురించి రాయాలనిపించింది. మేము వైద్యులం కాదు. ముప్పై ఏళ్లుగా బడిలో జీవశాస్త్రం చెబుతున్న పంతుళ్లం. అందుకని మందుల గురించి సలహా ఇవ్వబోము, పాఠం చెబుతాం. ఈ పాఠం రాయాలనిపించడానికి కారణమైన సంగతి ముందు మీతో చెప్పుకోవాలి.

కిందటేడు మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. ఆయన ఆటో నడుపుతారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. చికిత్స ప్రభుత్వ పథకం కింద జరుగుతోంది. రానుపోను ఖర్చులు, ఆ మూడు రోజుల కూలి, ఇంటి అద్దె మాత్రం మోయలేని భారమయ్యాయి. మన సంఘానికి సాయం కోసం దరఖాస్తు రాసిపెట్టమని అడిగారు. రాస్తుండగా ఆయన ఒక ప్రశ్న వేశారు.

"పన్నెండేళ్లుగా షుగర్ ఉన్నమాట నిజమే సార్. కానీ నడుము దగ్గర ఒక్కరోజు కూడా నొప్పి రాలేదు. మూత్రం బాగానే వచ్చేది. మరి రెండు కిడ్నీలూ ఒకేసారి ఎలా పోయాయి?"

పదో తరగతిలో విసర్జన పాఠం ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అయినా ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. పుస్తకాలు తిరగేసి, తెలిసిన డాక్టర్లను అడిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. జవాబు ఒక్క వాక్యంలో చెప్పాలంటే, అవి ఒకేసారి పోలేదు. పన్నెండేళ్లపాటు ఆయన మూత్రపిండాల్లోని కణాలు తమ చెత్తను తామే ఊడ్చుకుంటూ నిలదొక్కుకున్నాయి. ఊడ్చే శక్తి అయిపోయిన తర్వాతే మనకు సంగతి తెలిసింది.

పని ఎక్కువ, పొగ ఎక్కువ

మన రెండు మూత్రపిండాలూ కలిపి శరీర బరువులో నూటికి అర వంతు కూడా ఉండవు. కానీ గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు వాటిలోకే వెళుతుంది. ఒక్కో మూత్రపిండంలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ మొదట్లో రక్తకేశనాళికా గుచ్ఛం అనే జల్లెడ ఉంటుంది. ఈ జల్లెడల గుండా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది. మనం విసర్జించే మూత్రం మాత్రం ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతా ద్రవాన్నీ, అందులోని ఉప్పునూ, చక్కెరనూ, ఇతర పోషకాలనూ నాళికల గోడల్లోని కణాలు వెనక్కి లాగి రక్తంలో కలుపుతాయి.

ఈ పనిలో పెద్ద వాటా సమీపస్థ సంవళిత నాళికది. జల్లెడ దాటగానే వచ్చే మెలికల గొట్టం అది. దాని కణాలు ఉప్పును వెనక్కి తోడిపోయడానికి రాత్రింబవళ్లు శక్తి ఖర్చు చేస్తాయి. అందుకే వాటి నిండా మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. మైటోకాండ్రియాలను కణపు శక్త్యాగారాలని పిల్లలకు చెబుతాం. అక్కడ తయారయ్యే శక్తి రూపం ఏటీపీ. ఈ ఏటీపీని 1929 ప్రాంతంలో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. దాతల చేయూతతో, మామగారి సహకారంతో అమెరికా చేరి చదువుకున్న మనిషి ఆయన. దానం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

పొయ్యి మండితే వంటతోపాటు పొగ కూడా వస్తుంది. వలీమా విందుకు కట్టెల పొయ్యి మీద పెద్ద దేగ్చా ఎక్కించినప్పుడు ఎంత పొగ వస్తుందో మనకు తెలుసు. మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో ఇంధనం ఖర్చయ్యేటప్పుడు కూడా కొంత ఆక్సిజన్ పూర్తిగా నీరుగా మారకుండా, తీవ్రమైన స్వభావం గల రూపాల్లో మిగిలిపోతుంది. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అటువంటివి. మామూలుగా కణం వాటిని అప్పటికప్పుడు చల్లార్చుకుంటుంది. సూపరాక్సైడ్‌ను చల్లార్చే ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్తించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కెటలేజ్ వంటి ఎంజైములు, గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థం చూసుకుంటాయి. పొగ పుట్టే వేగం చల్లార్చే వేగాన్ని మించిపోతే దాన్ని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. విపరీతంగా పనిచేసే మూత్రపిండ కణానికి ఈ ప్రమాదం ఎప్పుడూ పక్కనే ఉంటుంది.

పాడైన ప్రోటీన్లను తీసేసేది ఎవరు?

ఆ పొగ తగిలితే కణంలో కొవ్వులూ, డీఎన్ఏ, ప్రోటీన్లూ అన్నీ దెబ్బతింటాయి. ప్రోటీన్ అంటే ఇక్కడ మనం తినే పప్పు, మాంసం సంగతి కాదు. కణంలో పనిచేసే యంత్రాలన్నీ ప్రోటీన్లే. ఉప్పు తోడే పంపు ప్రోటీన్, రసాయన చర్యలు నడిపే ఎంజైము ప్రోటీన్. ఒక్కో ప్రోటీన్ ఒక పొడవాటి గొలుసు. పద్ధతి ప్రకారం మడత పడితేనే పని చేస్తుంది. ఆక్సీకరణ తగిలితే మడత విప్పుకుంటుంది, పని మానేస్తుంది, పక్కనున్న ప్రోటీన్లకు అతుక్కుంటుంది.

దాన్ని వెంటనే తీసేయాలి. ఇందుకు కణంలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది ప్రోటియాజోమ్. పీపా ఆకారంలో ఉండే అతిచిన్న యంత్రం. తీసేయవలసిన ప్రోటీన్‌కు కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను చీటీలా అతికిస్తుంది. ఒకటి కాదు, వరుసగా కొన్ని. ఆ చీటీల వరుస చూసి ప్రోటియాజోమ్ దాన్ని లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. ముక్కల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు కొత్త ప్రోటీన్ల తయారీకి తిరిగి పనికొస్తాయి. ఈ చీటీ పద్ధతిని కనుగొన్నందుకు ఆరన్ చికనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. కొద్దిగా ఆక్సీకరణ తగిలి మడత విప్పుకున్న ప్రోటీన్లను చీటీ లేకుండానే ముక్కలు చేసే వెసులుబాటు కూడా ఆ పీపాకు ఉంది.

రెండోది లైసోజోమ్. తొమ్మిదో తరగతిలో దీన్ని స్వయం విచ్ఛిత్తి సంచి అని చెబుతాం. 1955లో క్రిస్టియన్ డి డువ్ దీన్ని వెలుగులోకి తెచ్చారు. ప్రోటియాజోమ్ ఒక్కో ప్రోటీన్‌ను తీసేస్తే, ఇది మూటలను తీసేస్తుంది. అతుక్కుపోయిన ప్రోటీన్ల ముద్దలు, పాడైన మైటోకాండ్రియాలు ఒక పొరలో చుట్టబడి లైసోజోమ్‌లోకి చేరి జీర్ణమవుతాయి. ఈ పనిని ఆటోఫేజీ అంటారు. కణం తనలోని పాత సామానును తానే తినేయడం అన్నమాట.

వీధి ఊడ్చే మనిషి రోజూ వస్తున్నంత కాలం వీధిలో చెత్త పడుతోందన్న సంగతే మనకు గుర్తుండదు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం పరిస్థితి అదే.

ఒకదాన్నొకటి పెంచుకునే తీరు

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. పొగ ఎక్కువైతే పాడైన ప్రోటీన్లు ఎక్కువవుతాయి. అవి ఎక్కువైతే ఊడ్చేవాళ్లకు పని పెరుగుతుంది. కొంతవరకూ వాళ్లు తట్టుకుంటారు. ఆ హద్దు దాటితే ఊడ్చే యంత్రాలే చెడిపోవడం మొదలుపెడతాయి.

చెరకు రసం బండి అందరూ చూసిందే. గడ నిటారుగా ఉంటే యంత్రం సులువుగా లాగేసుకుంటుంది. నాలుగు గడలను మెలిపెట్టి ముడివేసి ఒకేసారి దూర్చితే ఇరుక్కుంటుంది. తర్వాత మంచి గడ పెట్టినా లోపలికి పోదు. ఆక్సీకరణ తీవ్రమైనప్పుడు ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ముద్దలవుతాయి. ప్రోటియాజోమ్ లోపలి దారి చాలా సన్నం. ముద్దలు అందులో పట్టవు, ముఖద్వారం దగ్గర అడ్డంపడి దాని పనిని మందగింపజేస్తాయి. పైగా ప్రోటియాజోమ్ కూడా ప్రోటీన్లతో తయారైనదే. పొగ దాన్నీ వదలదు.

లైసోజోమ్‌కు వచ్చే కష్టం ఇంకో రకం. సగం జీర్ణమైన ముద్దలు అందులోనే పేరుకుపోతాయి. అప్పుడు పాడైన మైటోకాండ్రియాలను అది సకాలంలో తీసుకోలేదు. పాడైన మైటోకాండ్రియా అంటే చెడిపోయిన పొయ్యి. వంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ మరిన్ని ప్రోటీన్లను పాడుచేస్తుంది. ఆ ప్రోటీన్లు ఊడ్చే యంత్రాలను ఇంకా అడ్డుకుంటాయి. గానుగెద్దు తిరిగినట్టు ఇది చుట్టూ తిరుగుతూ ఉంటుంది. తేడా ఏమిటంటే, ఒక్కో చుట్టుకూ కణం ఇంకొంచెం బలహీనపడుతుంది.

ఇది ఊహతో చెప్పే మాట కాదు. జల్లెడ మీద పోడోసైట్లు అనే కణాలు ఉంటాయి. అవి పోతే వాటి స్థానంలో కొత్తవి పుట్టడం చాలా అరుదు. ఒక్కో కణం ఏళ్ల తరబడి తనను తానే బాగుచేసుకోవాలి. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పరిశోధకులు ఎలుకల పోడోసైట్లలో ఆటోఫేజీకి అవసరమైన ఒక జన్యువును తీసేసి చూశారు. ఫలితాలు 2010లో ప్రచురించారు. వయసు పెరిగేకొద్దీ ఆ కణాల్లో ఆక్సీకరణ చెందిన ప్రోటీన్లు, చీటీ అతికించినా తీసేయకుండా మిగిలిపోయిన ప్రోటీన్లు పేరుకున్నాయి. జల్లెడ కారడం మొదలై ఎలుకల మూత్రంలో ఆల్బుమిన్ కనబడింది. బయటి నుంచి ఏ విషమూ ఎక్కించలేదు. ఊడ్చేవాణ్ని పనిలోంచి తీసేశారు, అంతే.

చెత్తబుట్టే అలారం గంట

ఇందులో ఒక చమత్కారం ఉంది. ప్రోటీన్లను ముక్కలు చేయడం శుభ్రత కోసమే కాదు, కణం దాన్ని అలారంగా కూడా వాడుకుంటుంది.

ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ పొగను చల్లార్చే ఎంజైములను తయారు చేయమని జన్యువులకు హుకుం జారీ చేస్తుంది. మామూలు రోజుల్లో ఆ హుకుం అక్కర్లేదు. అందుకని కీప్1 అనే కాపలాదారు దాన్ని పుట్టినదాన్ని పుట్టినట్టే పట్టుకుని, యుబిక్విటిన్ చీటీ అతికించే ఏర్పాటు చేసి, ప్రోటియాజోమ్‌కు అప్పగిస్తుంటాడు. ఎన్ఆర్ఎఫ్2 కొద్ది నిమిషాలకు మించి బతకదు. పొగ పెరిగితే అది ముందుగా కాపలాదారుకే తగులుతుంది. అతని చేయి పట్టు తప్పుతుంది. ఎన్ఆర్ఎఫ్2 తప్పించుకుని కేంద్రకంలోకి వెళ్లి పొగను చల్లార్చే జన్యువులను మేల్కొలుపుతుంది. పొగ తగ్గాక కాపలాదారు మళ్లీ పనిలోకి వస్తాడు.

రోజూ తయారు చేసి రోజూ పారేయడం వృథా అని మా తరగతిలో పిల్లలు అన్నారు. మసీదులో నీళ్ల కుండ రోజూ నింపి, మర్నాడు మిగిలిన నీళ్లు పారబోసి మళ్లీ నింపుతాం కదా, దాహంతో ఎవరైనా వచ్చేసరికి నీళ్లు సిద్ధంగా ఉండాలని, అని చెప్పాం. అర్థమైంది.

ఇదే ప్రోటియాజోమ్ చేతిలో ఇంకో మీట కూడా ఉంది. ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ వాపును, మంటను పుట్టించే జన్యువులను మేల్కొలుపుతుంది. దాన్ని కట్టిపడేసే ప్రోటీన్ ఇంకొకటి. కణానికి ఒత్తిడి కలిగినప్పుడు ఆ కట్టుతాడును ప్రోటియాజోమ్ ముక్కలు చేస్తుంది. నాలుగు రోజుల జ్వరానికి ఇది మేలు చేస్తుంది. ఏళ్ల తరబడి కట్టు తెగుతూనే ఉంటే మంట ఆరదు. మంట ఆరని చోట మూత్రపిండంలో మచ్చకట్టిన పీచు కణజాలం పెరుగుతుంది. అది వడపోయదు, ఉప్పు తోడదు, వెనక్కి మళ్లదు.

షుగర్ ఉన్న మూత్రపిండంలో

ఇప్పుడు ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు వద్దాం.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే జల్లెడ గుండా వడపోసే చక్కెర కూడా ఎక్కువవుతుంది. సమీపస్థ నాళిక దాన్ని వదలదు, ఉప్పుతో కలిపి వెనక్కి లాగుతుంది. పని పెరిగింది, ఆక్సిజన్ ఖర్చు పెరిగింది, పొగ పెరిగింది. జల్లెడలో ఒత్తిడి కూడా పెరుగుతుంది. మొదటి ఏళ్లలో చాలామంది మూత్రపిండాలు మామూలుకన్నా ఎక్కువే వడపోస్తాయి. అందుకే పరీక్షలో క్రియాటినిన్ బాగుందని వస్తుంది. ఇంకో సంగతి. కణానికి ఆహారం నిరంతరం పుష్కలంగా అందుతుంటే ఆటోఫేజీ నెమ్మదిస్తుంది. చెత్త పెరిగిన సమయంలోనే ఊడ్పు తగ్గుతుందన్నమాట.

కొన్నేళ్లకు జల్లెడ కొద్దికొద్దిగా కారుతుంది. ఆల్బుమిన్ అనే రక్త ప్రోటీన్ నాళికలోకి వస్తుంది. నాళిక కణాలు దాన్ని మింగి లైసోజోముల్లో జీర్ణం చేసుకుంటాయి. కొద్దిగా వస్తే పర్వాలేదు. రోజూ చాలా వస్తుంటే ఇంటి చెత్త తీయడానికే చాలని సంచిలో ఊరి చెత్త పోసినట్టవుతుంది. లైసోజోములు ఉబ్బి చిట్లుతాయి, కొత్త పొగ పుడుతుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ జబ్బుకు గుర్తు మాత్రమే కాదు, జబ్బును ముందుకు తోసే కారణాల్లో కూడా ఒకటి.

ఈ తతంగంలో నొప్పి ఎక్కడా లేదు. నాళిక కణాలకు నొప్పి చెప్పే నరాలు లేవు. కొన్ని నెఫ్రాన్లు పోతే మిగిలినవి వాటి పనిని పంచుకుంటాయి. ఆ పంచుకోవడం వల్ల వాటి మీద బరువు పెరుగుతుంది. దాదాపు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ అంకె మామూలు హద్దుల్లోనే కనిపించవచ్చు. పన్నెండేళ్లు జరిగింది ఇదే. ఆయనకు చక్కెర పరీక్ష అప్పుడప్పుడు జరిగింది. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఒక్కసారి కూడా జరగలేదు. పైగా నడుం నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ మాత్రలు ఏళ్లపాటు మింగారు. ఆ రకం మాత్రలు మూత్రపిండానికి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అసలే ఆక్సిజన్ చాలని కణానికి అది ఇంకో దెబ్బ.

షుగరూ, రక్తపోటూ లేకుండా మూత్రపిండాలు దెబ్బతినేవారు కూడా ఉన్నారు. మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వంటి చోట్ల, ఇలాంటివారు వేలమంది. కారణం ఇదొక్కటే అని తేల్చిన పరిశోధన ఇంకా రాలేదు. కారణం ఏదైనా, జబ్బు చప్పుడు చేయకుండా నడిచే పద్ధతి మాత్రం ఇదే. ముందుగా పట్టుకోవడానికి పరీక్ష తప్ప దారి లేదు.

మరి యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగితే?

పొగే శత్రువైతే పొగను ఆర్పే మాత్ర మింగితే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. శాస్త్రవేత్తలకూ అనిపించింది. కీప్1 పట్టు సడలించి ఎన్ఆర్ఎఫ్2ను విడిపించే బార్డాక్సోలోన్ అనే మందును షుగర్ వల్ల మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న 2 వేల మందికి పైగా రోగులతో పరీక్షించారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త మాత్ర. మందు తీసుకున్నవారిలో వడపోత అంకె మెరుగైంది. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలైనవారు కూడా వాళ్లలోనే ఎక్కువయ్యారు. 2012లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు, అన్ని జాగ్రత్తలతో చేసిన ప్రయత్నమే ఇలా తేలింది. కణానికి కొద్దిపాటి పొగ కబురు చెప్పే సాధనంగా అవసరం కూడా. మొత్తం ఆర్పేయడం వైద్యం కాదు.

కాబట్టి కిడ్నీలను కడిగేస్తామని అమ్మే పొడులు, టానిక్కులు కొనడానికి మన సంఘం డబ్బు ఇవ్వకూడదని మా అభిప్రాయం. బెల్జియం రాజధాని బ్రసెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికల గుళికలు వాడిన స్త్రీల మూత్రపిండాలు వరసగా చెడిపోయిన సంగతి 1993లో బయటపడింది. వాటిలో కలిసిన ఒక మొక్కలోని అరిస్టోలోకిక్ ఆమ్లం నాళిక కణాలను చంపేసిందని తేలింది. ఆకు నుంచి వచ్చినదంతా అమృతం కాదు.

నిజంగా పనిచేసిన మందులు పొగను ఆర్పలేదు, పొయ్యి మీద బరువు తగ్గించాయి. కొన్ని రకాల రక్తపోటు మందులు జల్లెడలో ఒత్తిడిని తగ్గించి ఆల్బుమిన్ కారడాన్ని తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్తరకం షుగర్ మందులు నాళిక కణం చక్కెరనూ, ఉప్పునూ వెనక్కి లాగే పనిని తగ్గిస్తాయి. మూత్రపిండ జబ్బు ముదరడాన్ని ఇది నెమ్మదింపజేస్తుందని 2020లో వెలువడిన పెద్ద పరీక్ష చూపింది. ఎవరికి ఏది తగునో చెప్పవలసింది డాక్టరే. మేము చెప్పేది ఒక్కటే. ఈ మందులన్నీ కణాలు ఇంకా మిగిలి ఉన్నప్పుడు మొదలుపెడితేనే ఎక్కువ మేలు.

ఉపవాసం గురించి ఒక మాట

రంజాన్ రాగానే మన ఫోన్లలో ఒక సందేశం తిరుగుతుంది. జపాన్ శాస్త్రవేత్తకు ఉపవాసం మీద నోబెల్ వచ్చిందనీ, రోజా ఉంటే కిడ్నీ జబ్బు నయమవుతుందనీ. ఇందులో నిజమెంతో టీచర్లుగా చెప్పడం మా బాధ్యత. యొషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజం. ఆయన ఆటోఫేజీ జన్యువులను కనుగొన్నారు. ఆ ప్రయోగాలు రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ కణాలను పోషకాలు లేకుండా ఉంచి చేసినవి. మనుషుల ఉపవాసం మీద కాదు, మూత్రపిండ రోగుల మీద అసలే కాదు.

రోజా మనం పెట్టుకునేది ఆరాధనగా. దానికి నోబెల్ సాక్ష్యం అక్కర్లేదు. జబ్బుతో ఉన్నవారికి దీన్ సడలింపు ఇచ్చిందని మన ఉలమాలు చెబుతూనే ఉన్నారు. మూత్రపిండాల పనితనం తగ్గినవారికి ఎండాకాలంలో పొద్దంతా నీళ్లు లేకపోవడం ప్రమాదం కావచ్చు. షుగర్ మాత్రల వేళలు కూడా మారతాయి. నెల ముందే డాక్టరును, తర్వాత ఇమామ్‌గారిని అడిగి నిర్ణయించుకోవాలి. ఫోన్ సందేశాన్ని కాదు.

మన సంఘం చేయగలిగింది

డయాలసిస్ మీద ఉన్నవారికి ఇస్తున్న సాయం ఆపమని మేము అనడం లేదు. ఆ తండ్రికి ఇచ్చిన ప్రయాణ ఖర్చు ఒక ఇంటిని నిలబెట్టింది. కానీ డయాలసిస్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది, పోయిన నాళిక కణాన్ని తిరిగి తేలేదు. మన సాయం అంతా గానుగ చివరి చుట్టు దగ్గరే అందుతోంది. మొదటి చుట్ల దగ్గర కూడా కొంత ఖర్చు పెట్టాలని మా మనవి.

అందుకు కావలసినవి ఖరీదైనవి కావు. షుగర్, బీపీ ఉన్న ప్రతివారికీ ఏడాదికొకసారి రెండు పరీక్షలు చాలు. ఒకటి, మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే జల్లెడ కారడం మొదలైందని అర్థం. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బాగా ఒళ్లు అలసిన రోజుల్లో అంకె పెరగవచ్చు కాబట్టి కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. రెండు, రక్తంలో క్రియాటినిన్. దాన్నిబట్టి వయసు, ఆడ మగ తేడా చూసి లెక్కించే వడపోత అంకెను ఈజీఎఫ్ఆర్ అంటారు. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ జబ్బుగా లెక్క. ఒక్కరోజు డయాలసిస్‌కు అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ రెండు పరీక్షల ఖర్చు తక్కువే.

మేము సూచించేది ఇది. ఏడాదికి రెండుసార్లు జుమా నమాజు తర్వాత మసీదు ఆవరణలోనూ, ఆడవాళ్లకు విడిగా మన ఉర్దూ బడిలోనూ పరీక్షా శిబిరం పెట్టాలి. ఆటో స్టాండ్, మటన్ మార్కెట్, టైలరింగ్ షాపుల్లో పనిచేసేవారికి ముందుగా కబురు పంపాలి. వాళ్లు పని మానుకుని ఆసుపత్రికి వెళ్లలేరు. అంకెలు ఒక చిన్న పుస్తకంలో రాసి వారి చేతికే ఇవ్వాలి. తేడా ఉన్నవారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బాధ్యత ఇద్దరు వాలంటీర్లకు అప్పగించాలి. పరీక్ష చేసి వదిలేస్తే చేయనట్టే. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా ఎక్కువ రోజులు వాడవద్దని తెలుగులోనూ, ఉర్దూలోనూ రాసిన కాగితం ప్రతి ఇంటికీ చేరాలి. అది రాసిపెట్టే పని మా ఉపాధ్యాయులది.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది. విసర్జన పాఠం మొదలుపెట్టిన రోజు నల్లబల్ల మీద నెఫ్రాన్ బొమ్మ వేయడానికి తానే లేచి వచ్చింది. జల్లెడ, మెలికల గొట్టం చక్కగా గీసింది. తర్వాత మా వైపు తిరిగి, "మా అమ్మకు కూడా షుగర్ ఉంది సార్. ఆ మూత్రం పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని అడిగింది.

ఆ మర్నాడే వాళ్లమ్మకు పరీక్ష చేయించాం. అంకె 48 వచ్చింది. ఆరు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే 41. డాక్టరుగారు మందు మొదలుపెట్టారు. భయపడాల్సింది లేదనీ, సమయానికే వచ్చారనీ చెప్పారు.

ఆ ఇంట్లో రెండో దరఖాస్తు రాసే అవసరం రాకూడదని మా దుఆ. మన బస్తీలో ఇంకెన్ని ఇళ్లలో ఆ అంకె ఎవరూ చూడకుండా పెరుగుతోందో, శిబిరం పెడితే తెలుస్తుంది.